అమ్మాయికి ఏ సబ్జెక్టులు పెట్టించాలి?

2025 మే నెలలో మా అమ్మాయి ఎస్.ఎస్.ఎల్.సి. గట్టెక్కింది. ఫలితాలు వచ్చిన సాయంత్రం ఇంటికి వచ్చినవాళ్ళందరూ మిఠాయి నోట వేసుకుని ఒకే ప్రశ్న అడిగారు: "తరువాత ఏమిటి?" అమ్మాయి నోరు విప్పేలోగానే నేను అందుకుని, "పి.సి.ఎం.బి. అండీ, డాక్టరు కోర్సుకు" అన్నాను. అమ్మాయి ఏమీ అనలేదు. ఖాళీ అయిన పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ పళ్ళెం తీసుకుని వెళ్ళడంలోనే జవాబు ఉన్నదని తెలుసుకోవడానికి నాకు పన్నెండు రోజులు పట్టింది. ఈ ఏడాది మన సభ్యుల ఇళ్ళలో పదవ తరగతి పిల్లలు చాలామందే ఉన్నారు గనుక, ఆ పన్నెండు రోజుల సంగతి వారికి పనికివస్తుందేమోనని వ్రాస్తున్నాను. నేను విద్యావేత్తను కాను. పదవ తరగతితో చదువు చాలించి, ఇరవై ఏళ్ళకు పైగా బెంగుళూరులో గుమాస్తా పని చేస్తున్నవాణ్ణి. అయితే ఫారాలు నింపడం, షరతులు చదవడం, చిన్న అక్షరాల్లో ఏం దాగి ఉన్నదో వెతకడం నా రోజువారీ పని. ఆ అలవాటు ఇంట్లో వాడుకోవాలని మాత్రం అంతవరకూ తోచలేదు.

ఇతర రాష్ట్రాల పాఠకుల కోసం ఒక మాట. మా కర్ణాటకలో పదవ తరగతి తరువాత రెండేళ్ళ పి.యు.సి. ఉంటుంది. రెండు భాషలు, నాలుగు ఐచ్ఛిక విషయాలు, ఒక్కొక్కదానికి నూరు చొప్పున మొత్తం ఆరు వందల మార్కులు. ఆ నాలుగు విషయాలను విడివిడిగా ఏరుకోనివ్వరు. కళాశాలవారు కట్టలు కట్టి ఉంచుతారు. ఫిజిక్సు, కెమిస్ట్రీ, లెక్కలు, బయాలజీ కలిస్తే పి.సి.ఎం.బి.; బయాలజీ బదులు కంప్యూటరు సైన్సు పెడితే పి.సి.ఎం.సి.; చరిత్ర, అర్థశాస్త్రం, వాణిజ్యం, అకౌంటెన్సీ కలిస్తే హెచ్.ఇ.బి.ఎ.; అందులో చరిత్ర తీసి స్టాటిస్టిక్సు పెడితే ఎస్.ఇ.బి.ఎ. ఇలా చాలా ఉన్నాయి. పదహారేళ్ళ పిల్ల ఈ కట్టల్లో ఒకదాని మీద వేలు పెడుతుంది. ఆ వేలు వెనుక సాధారణంగా తండ్రి వేలు ఉంటుంది.

మా ఇంట్లో ఆ వేలుకు ఒక చరిత్ర ఉంది. నాలుగు తరాలుగా ఈ ఊళ్ళో ఉన్నాము. బియ్యం వ్యాపారం చేసినవారున్నారు, బడిపంతుళ్ళున్నారు, నాలాంటి గుమాస్తాలున్నారు. డాక్టరు మాత్రం ఒక్కరూ లేరు. మా అమ్మ ఆస్పత్రి వరండాలో చీటీ పట్టుకుని కూర్చున్న రోజుల్లో, "మనవాడంటూ ఒకడు లోపల ఉంటే ఎంత బాగుండేదిరా" అన్నది. ఆ మాట నాలో ఉండిపోయింది. దాన్ని మా అమ్మాయి నెత్తిన పెట్టబోయాను.

నన్ను ఆపినవాడు మా అన్నయ్య కొడుకు. వాడి కథ చెప్పాలి. వాడు పదవ తరగతి తరువాత సైన్సు వద్దని గట్టిగా అన్నాడు, అన్నయ్య ఒప్పుకున్నాడు. అంతవరకు బాగానే ఉంది. చేరబోయిన కళాశాల కిటికీ దగ్గర కూర్చున్న ఉద్యోగి, "లెక్కలూ స్టాటిస్టిక్సూ ఎందుకు, హెచ్.ఇ.బి.ఎ. అయితే సులభం, మార్కులు బాగా వస్తాయి" అన్నాడట. సరేనన్నారు. రెండేళ్ళు వాడు అర్థశాస్త్రాన్ని ప్రాణంగా చదివాడు. తొంభైకి పైగా మార్కులు తెచ్చుకున్నాడు. 2023లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం ఆనర్సు చదవాలని కోరిక పుట్టింది. 2022 నుంచి అక్కడి ప్రవేశాలు సి.యు.ఇ.టి. అనే పరీక్ష మీద ఆధారపడి ఉన్నాయి గదా, సరే వ్రాస్తానన్నాడు. షరతులు చదివితే అర్థశాస్త్రం ఆనర్సుకు ఆ పరీక్షలో లెక్కల పేపరు వ్రాసి తీరాలని ఉంది. పన్నెండవ తరగతిలో చదివిన విషయాల్లోనే పరీక్ష వ్రాయాలని మరొక షరతు. వాడికి లెక్కలు లేవు. అర్థశాస్త్రంలో తొంభై అయిదు వచ్చిన పిల్లవాడికి అర్థశాస్త్రం తలుపే మూసుకుపోయింది. ఆ రాత్రి అన్నయ్య నాకు ఫోను చేసి, "కాలేజీవాడు చెప్పింది నమ్మానురా" అన్నాడు. అంతకంటె ఏమీ అనలేకపోయాడు.

నిజానికి కిటికీ దగ్గరివాడి తప్పు ఎంతని చెప్పగలం? వాడికి కావలసింది ఆ రోజుకు సీటు నిండడం. రెండేళ్ళ తరువాతి సంగతి చూడవలసింది మనమే. మనం చూడలేదు.

నేనూ దాదాపు చూడలేదనే చెప్పాలి. ఫలితాలు వచ్చిన మూడో రోజున, కళాశాల చదువూ ప్రవేశపరీక్ష తర్ఫీదూ ఒకే చోట ఇస్తామనే ఒక సంస్థకు అమ్మాయిని తీసుకుని వెళ్ళాను. గోడ నిండా ర్యాంకులు వచ్చిన పిల్లల బొమ్మలు. లోపల చల్లని గది. మాటలు తీయగా ఉన్నాయి. "పి.సి.ఎం.బి. పెట్టించండి సార్, రెండు పడవలూ మీవే, మెడిసిను కాకపోతే ఇంజనీరింగు" అన్నారు. ఆ రోజే ఇరవై అయిదు వేలు కడితే ఫీజులో తగ్గింపట. చెక్కు పుస్తకం జేబులోనే ఉంది. అమ్మాయి నా వైపు చూసి, "నాన్నా, రేపు కడదామా?" అన్నది. అప్పుడు మా అన్నయ్య ఫోను గుర్తుకు వచ్చింది. రేపు వస్తామని చెప్పి లేచాను.

ఆ రాత్రి ఆఫీసు పాత లెడ్జరు ఒకటి తెచ్చి, పేజీ మధ్య గీత గీసి, ఎడమవైపు విషయం పేరు, కుడివైపు అది లేకపోతే మూసుకునే తలుపులు వ్రాయడం మొదలుపెట్టాను. చాలామంది ఈ లెక్కను తలక్రిందులుగా వేస్తారు. ఏ గ్రూపు చదివితే ఏ ఉద్యోగం వస్తుందని అడుగుతారు. అయిదారేళ్ళ తరువాతి ఉద్యోగం సంగతి ఎవరు చెప్పగలరు? ఏ విషయం వదిలితే ఏ తలుపు మూసుకుంటుందో మాత్రం విశ్వవిద్యాలయాలవారు అచ్చు వేసి మరీ చెబుతున్నారు.

ముందు బయాలజీ వ్రాశాను. అది లేకపోతే వైద్యం లేదు, దంతవైద్యం లేదు, నర్సింగు డిగ్రీ లేదు, పశువైద్యం లేదు. వ్యవసాయ డిగ్రీకీ మా వైపు అది కావాలి. వైద్యానికి ఉన్న నీట్ పరీక్షలో 180 ప్రశ్నలు, 720 మార్కులు. అందులో సగం బయాలజీయే. ఫార్మసీకి మాత్రం లెక్కలైనా సరే, బయాలజీ అయినా సరే.

తరువాత లెక్కలు. పేజీ చాలలేదు. ఇంజనీరింగుకు ఫిజిక్సుతో పాటు లెక్కలు తప్పనిసరి. భవన నిర్మాణ శిల్పం చదివే బి.ఆర్క్. కూ అంతే. అర్థశాస్త్రం సంగతి మా వాడి పుణ్యమా అని తెలిసిందే. మన బెంగుళూరులోనే ఉన్న ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ శాఖలో బి.మ్యాథ్ అనే డిగ్రీ ఉంది, కలకత్తాలో బి.స్టాట్ ఉంది, రెండింటికీ లెక్కలు ఉండాలి. నన్ను ఆశ్చర్యపరచింది మరొకటి. టాటా ఇన్‌స్టిట్యూట్ అని మన పెద్దవాళ్ళు పిలిచే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సులో 2011 నుంచి నాలుగేళ్ళ సైన్సు డిగ్రీ ఇస్తున్నారు. అక్కడ జీవశాస్త్రంలో పరిశోధన చేయదలచిన పిల్లకు కూడా పన్నెండవ తరగతిలో ఫిజిక్సు, కెమిస్ట్రీ, లెక్కలు ఉండాలట. బయాలజీ ఇష్టమని లెక్కలు వదిలేసిన పిల్లలకు ఆ తలుపు తెరుచుకోదు.

ఇక ఏ విషయమూ ప్రత్యేకంగా అడగని తలుపులు కొన్ని ఉన్నాయి. న్యాయశాస్త్రానికి క్లాట్ పరీక్ష ఏ గ్రూపువారైనా వ్రాయవచ్చు. మన నాగరభావిలోని నేషనల్ లా స్కూలుకూ అదే దారి. చార్టర్డ్ అకౌంటెన్సీ మొదటి మెట్టు ఏ గ్రూపు చదివినా ఎక్కవచ్చు. అయితే ఆ మెట్టులో వ్యాపార గణితం, స్టాటిస్టిక్సు కలిపిన పేపరు ఒకటి ఉంది. లెక్కలు లేని గ్రూపు తీసుకున్నవాళ్ళు అక్కడ చిక్కుపడతారు.

కామర్సు పిల్లలకు బేసిక్ మ్యాథ్స్ అని ఒకటి ఉంది. మంచిదే. కాని అది సైన్సువాళ్ళు చదివే లెక్కలూ ఒకటి కావు. మీరు కోరే విశ్వవిద్యాలయం దాన్ని లెక్కలుగా ఒప్పుకుంటుందో లేదో ముందే ఉత్తరం వ్రాసి, జవాబు కాగితం మీద తెప్పించుకోండి. నోటిమాట పనికిరాదు. గుమాస్తాగా ఈ ఒక్క విషయంలో నా మాట నమ్మండి.

మూసుకున్న తలుపుకు వెనుక వాకిలి లేకపోలేదు. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఓపెన్ స్కూలింగ్ వారి దగ్గర ఒక విషయం విడిగా వ్రాసి నెగ్గవచ్చు. పన్నెండవ తరగతి అయ్యాక బయాలజీని అదనంగా చదివినవారు కూడా నీట్ వ్రాయవచ్చునని 2023 నవంబరులో జాతీయ వైద్య మండలి ప్రకటించింది. కాని ఆ వాకిలికి చుట్టుదారిన పోవాలి. సాధారణంగా ఒక ఏడాది పోతుంది. మా అన్నయ్య కొడుకు ఆ ఏడాది పోగొట్టుకోవడం ఇష్టంలేక ఇక్కడే బి.ఎ.లో చేరాడు.

పూర్వం దారులు ఇంత ఇరుకుగా ఉండేవి కావేమో. మన ముద్దెనహళ్ళి విశ్వేశ్వరయ్యగారు 1880 ప్రాంతంలో ఇక్కడి సెంట్రల్ కాలేజీలో బి.ఎ. చదివి, ఆ తరువాతనే పూనా వెళ్ళి ఇంజనీరింగు చదివారు. ఇంకొకరి పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ ఆ బి.ఎ. పూర్తిచేశారని అందరూ చెప్పుకునేదే. ఈనాడు అదే కుర్రవాడు పదహారో ఏటనే ఫారం మీద గుర్తు పెట్టాలి.

ఇంతకూ లెడ్జరు నిండింది. దాని ప్రకారం పి.సి.ఎం.బి.యే గెలిచింది, ఎక్కువ తలుపులు తెరిచి ఉంచేది అదే గదా. సంతోషంతో ఫారం మీద పెన్సిలుతో నాలుగు అక్షరాలూ వ్రాసేశాను. తెల్లవారి కాఫీ ఇస్తూ మా ఆవిడ, "తలుపులన్నీ లెక్కపెట్టారు సరే, నడిచేవాళ్ళ కాళ్ళు చూశారా?" అన్నది. ఆవిడ అంత మాట అనే మనిషి కాదు. నాకు కోపం వచ్చింది. ఆఫీసుకు వెళ్ళిపోయాను.

మధ్యాహ్నానికి కోపం చల్లారింది. సాయంత్రం వచ్చి అమ్మాయి పదవ తరగతి నోటుపుస్తకాలన్నీ ముందు వేసుకుని కూర్చున్నాను. మార్కుల పట్టీ ఒక విధంగా చెబుతోంది: సైన్సులో తొంభై ఆరు, లెక్కల్లో ఎనభై ఎనిమిది. పుస్తకాలు వేరే విధంగా చెబుతున్నాయి. సైన్సు పుస్తకంలో బయాలజీ భాగం ముత్యాల్లాంటి అక్షరాలు. బొమ్మలు చక్కగా గీసి రంగులు వేసింది. కాని చెప్పింది చెప్పినట్లు వ్రాసుకున్నదే తప్ప ఎక్కడా ఒక ప్రశ్న లేదు, ఒక కొట్టివేత లేదు. లెక్కల పుస్తకం చూద్దునుగదా, గందరగోళం. వెనుక అట్ట మీద కూడా లెక్కలే. పాఠంలో లేనివి కూడా ఉన్నాయి. ఒకచోట మా వీధిలో మూడు నెలల పాటు ఏ రోజు ఎన్ని గంటలకు నీళ్ళు వచ్చాయో పట్టిక వేసి, తరువాతి వారం ఎప్పుడు వస్తాయో ఊహించి వ్రాసింది. దాని పక్కన, "రెండుసార్లు తప్పాను. ఎందుకు?" అని కన్నడంలో ప్రశ్న.

ఆ పట్టిక సంగతి మా ఆవిడకు తెలుసట. నీళ్ళు పట్టుకునేది ఆవిడే గనుక, ఊహించింది నిజమైన రోజుల్లో పిల్లకు ఒక లడ్డు బహుమానమట. ఇల్లంతా తెలిసిన సంగతి నాకు ఒక్కడికే తెలియదు.

అమ్మాయిని పిలిచి అడిగాను. "నీకు బయాలజీ అంటే కష్టమా?"

"కష్టం కాదు నాన్నా. చదివితే వస్తుంది. మూసేస్తే మళ్ళీ తెరవాలనిపించదు."

"మరి లెక్కలో? ఎనభై ఎనిమిదే గదా వచ్చింది."

"అవి తప్పితే నిద్ర పట్టదు."

కాసేపు ఊరుకుని అన్నది: "నువ్వు డాక్టరు అని చెప్పినప్పుడల్లా నాన్నమ్మ గుర్తొచ్చి నేను కాదనలేకపోతున్నాను."

నేను జవాబు చెప్పలేదు. నాకు తెలియకుండానే, చనిపోయిన మా అమ్మను తెచ్చి ఆ పిల్లకు అడ్డంగా నిలబెట్టానే అనిపించింది.

మరునాడు ఇద్దరమూ కూర్చుని లెడ్జరు మళ్ళీ చూశాము. ఈసారి అమ్మాయి చేతిలో కలం ఉంది. బయాలజీ మీద అడ్డగీత కొట్టి, పోయే తలుపులు చదివింది: వైద్యం, దంతవైద్యం, నర్సింగు, పశువైద్యం, వ్యవసాయం. "ఇవి పోతే నీకు బాధ లేదా?" అంటే, "నీకు ఉంటుంది" అన్నది. బయాలజీ స్థానంలో స్టాటిస్టిక్సు పెట్టే పి.సి.ఎం.ఎస్. అనే కట్ట కొన్ని కళాశాలల్లో ఉంది. దానితో ఇంజనీరింగు ఉంటుంది, సైన్సు ఇన్‌స్టిట్యూట్ ఉంటుంది, స్టాటిస్టిక్సు ఉంటుంది, ఢిల్లీ అర్థశాస్త్రమూ ఉంటుంది. రెండు పడవలు అన్నారే, ఆ రెండో పడవకు మోయవలసిన బరువు మాత్రం తగ్గింది. మా కర్ణాటక సి.ఇ.టి.లో ఇంజనీరింగు ర్యాంకుకు పి.యు.సి.లో ఫిజిక్సు, కెమిస్ట్రీ, లెక్కల మార్కులు సగం, ప్రవేశపరీక్ష మార్కులు సగం లెక్కిస్తారు. కాబట్టి ఇష్టంలేని నాలుగో విషయం మీద పోసే గంటలు ఆ మూడింటికి దక్కుతాయి.

అదే లెక్క భాష విషయంలోనూ ఉపయోగపడింది. మార్కులు రాలతాయని చాలామంది సంస్కృతం పెట్టిస్తారు. ఇంజనీరింగు ర్యాంకులో భాష మార్కులు చేరనే చేరవు. మొత్తం శాతం చూసే డిగ్రీ కళాశాలల్లో మాత్రం చేరతాయి. పి.యు.సి.లో ఎంచుకోదగిన భాషల్లో మన తెలుగు కూడా ఉంది. కాని మేము చేరబోయే కళాశాలలో చెప్పేవారు లేరు. పదేళ్ళుగా చదివిన కన్నడమే తీసుకున్నది. తెలుగు చదవడం ఇంట్లో నేర్పించాను. కన్నడ లిపి వచ్చిన పిల్లకు అది పెద్ద శ్రమ కాదు. వ్రాయడం ఇంకా అంతంత మాత్రమే.

ఇతర రాష్ట్రాల మనవారికి దారులు వేరు, చూడవలసిన తీరు ఒక్కటే. తమిళనాట ఇంజనీరింగుకు ప్రవేశపరీక్ష లేదు. పన్నెండవ తరగతి లెక్కలు నూటికి, ఫిజిక్సు, కెమిస్ట్రీ యాభై చొప్పున, మొత్తం రెండు వందలకు కట్టి వరుస వేస్తారు. కాబట్టి అక్కడ ప్లస్ వన్‌లో ఎన్నుకున్న గ్రూపే సర్వస్వం. మహారాష్ట్ర సి.ఇ.టి.లో లెక్కల గుంపు, బయాలజీ గుంపు విడివిడిగా ఉన్నాయి. ఒడిషాలో ఇంజనీరింగుకు జె.ఇ.ఇ. మెయిన్ ర్యాంకు చూస్తారు. యానాంవారికి పుదుచ్చేరి సెంటాక్ ద్వారా సీట్లు. మాతృభాష తెలుగు గనుక ఆంధ్రలోనో తెలంగాణలోనో స్థానికుల క్రింద సీటు వస్తుందని కొందరు నమ్ముకుని ఉంటారు. స్థానికత చదువును, నివాసాన్ని బట్టి గాని భాషను బట్టి కాదు. భాష ఉపయోగపడేది ఇక్కడే. భాషాపరంగా అల్పసంఖ్యాకులు నడిపే కళాశాలలకు రాజ్యాంగం 30వ అధికరణం రక్షణ ఇచ్చింది. ఎవరు అల్పసంఖ్యాకులన్నది రాష్ట్రాన్ని బట్టి చూడాలని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. అటువంటి కళాశాలకు దరఖాస్తు పెట్టేటప్పుడు మాతృభాషకు రుజువు అడగవచ్చు. మీ పిల్లల బడి దాఖలాలో మాతృభాష అన్న చోట ఏం వ్రాసి ఉందో ఒకసారి తీసి చూసుకోండి. మా అమ్మాయి దానిలో కన్నడం అని ఉంది! చేర్పించిన రోజున తొందరలో వ్రాయించింది నేనే.

పన్నెండవ రోజున కళాశాలకు వెళ్ళాము. ఫారం మీద నేను పెన్సిలుతో వ్రాసిన నాలుగు అక్షరాల్లో చివరిదాన్ని అమ్మాయి రబ్బరుతో చెరిపింది. గట్టిగా వ్రాశానేమో, చెరిపినా 'బి' ఆనవాలు పోలేదు. దాని మీదనే సిరాతో 'ఎస్' అని వ్రాసి ఫారం నా వైపు జరిపింది. తండ్రి సంతకం అన్న చోట నేను సంతకం పెట్టాను.